రైలు వెనక్కి వచ్చేలోగా

"ఎక్కడా ఒక్క స్వరం కూడా తప్పకుండా వాయించినప్పుడు, అది తప్పెలా అవుతుందండీ?" అని హేరంబ అడిగాడు. గురువుగారు అరుగు మీద కూచుని ఫిడేలు కమాను తుడుచుకుంటున్నారు. తలెత్తి అతని వైపు చూశారు, వీధిలో పోతున్న కొబ్బరిబోండాల బండి వైపు చూశారు, మళ్ళీ కమాను తుడవడంలో పడిపోయారు. జవాబు రాలేదు. ఆయన అలవాటే అంత. ప్రశ్న అడిగాక కొంతసేపు కదపకుండా ఉంచాలట, పాలు తోడేసి పెట్టినట్టు. అలా ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి ఒక నెల ఉంచేసేవారు. ఆనక ఏదో చిన్న సంగతి జరిగేది, ఎవరో ఏదో అనేవారు. అప్పుడు ఆయన మన వైపు ఒక్కసారి చూసేవారు. ఆ చూపు పట్టుకోగలిగితే జవాబు దొరికినట్టు, లేకపోతే ప్రశ్న మళ్ళీ మన దగ్గరే ఉన్నట్టు.

నేను ఆ ఇంటికి రెండిళ్ళ అవతల పిల్లని. పదో తరగతి తప్పాక, ఏదో ఒకటి పట్టుబడుతుందని మా అమ్మ నన్ను గురువుగారికి అప్పగించింది. ఫిడేలు నాకు రాలేదు. శ్రుతి మాత్రం నిలబడింది. అందుకని తంబురా చేతికిచ్చి కచేరీల్లో వెనక కూచోబెట్టారు. వెనక కూచున్నవాళ్ళకి కొన్ని కనబడతాయి, ముందు కుర్చీల్లో కూచున్నవాళ్ళకి కనబడనివి. పాడేవారి మెడ మీద చెమట, ఫిడేలు ఆనించిన పాదం బొటనవేలు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోని చూపులు. ఈ కథ అక్కడినుంచి చూసిందే.

విజయనగరంలో మా గురువుగారు, ఫిడేలు జగ్గారావు గారంటే రిక్షావాళ్ళకి కూడా తెలుసు. కరపత్రాల్లో మాత్రం ఆయన పేరు వెతుక్కోవాలి. పాడేవారి పేరు పనసకాయంత ఉంటే ఈయన పేరు ఆవగింజంత ఉండేది. పద్నాలుగో ఏట ప్రక్కవాద్యానికి కూచున్నారు, అరవై ఎనిమిదో ఏటిదాకా కూచున్నారు. ఒక్కరే కచేరీ చెయ్యమని ఎందరు అడిగినా, చూద్దాం అనేవారు, చూసేవారు కాదు. మూడో తరగతి పెట్టెల్లో ఫిడేలుని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తిరిగిన ఊళ్ళ గురించి అడిగితే ఊళ్ళ గురించి చెప్పరు. "అక్కడ ఫలానా ఆయన శంకరాభరణం పాడేరు చూడు, పిండారబోసిన వెన్నెల్లా ఉంది," అంటారు. "మరి మీరండీ?" అంటే, "నేనూ ఉన్నాను," అంటారు. ఒక మనిషి తన జీవితం మొత్తాన్ని అంత చిన్న మాటలో మడిచి పెట్టుకోవచ్చా అనిపించేది.

రెండేళ్ళ కిందట ఆయన ఎడమచేతి చిటికెనవేలు కొయ్యబారిపోయింది. కొబ్బరినూనె మర్దనాలూ, విశాఖపట్నం డాక్టరు గారి బిళ్ళలూ అయ్యాక, ఇంక లాభం లేదని తేలాక, నేమాని విశ్వపతి గారి పక్కన ముప్ఫయ్యేళ్ళుగా తాను కూచున్న చోట హేరంబని కూచోబెట్టారు. విశ్వపతి గారు గొప్ప గాయకులు, గురువుగారి ఈడువారే. ఒకరినొకరు ఒరేయ్ అనుకునేవారు ఈ భూమ్మీద వాళ్ళిద్దరే మిగిలారు.

హేరంబది బొబ్బిలి. ఇరవై మూడేళ్ళు. ఒకసారి విన్నది మరిచిపోడు, అదీ అతని వరం. గురువుగారి అక్కగారు సూరమ్మ గారు, మేమంతా దొడ్డమ్మ అనేవాళ్ళం, ఆవిడ అతన్ని చూసినప్పుడల్లా ఎగతాళి చేసేవారు. "పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలిరా. వినాయకుడి పేరు కదూ, లోకమంతా తిరక్కుండానే అందరికంటే ముందు చేరిపోతావు. బొజ్జొక్కటే తక్కువ." అతను నవ్వేసి, "అదీ వస్తుందండి, మీ చేతి వంట తింటే," అనేవాడు. విశ్వపతి గారి పక్కన కూచోవాలని తెలిసిన రోజునించీ ఆయన పాడిన కేసెట్లు ఎక్కడెక్కడివో సంపాదించాడు. నలభై రెండు. టేప్ రికార్డర్ మీటలు అరిగిపోయేలా విన్నాడు. ఏ రాగంలో ఆయన ఎక్కడ మొదలెడతారో, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ చిన్నగా దగ్గుతారో కూడా అతనికి కంఠతా వచ్చేసింది. అంత ప్రేమతో ఒకరి పాటని ఎవరైనా నేర్చుకోగలరా అని నేను అబ్బురపడేదాన్ని. ఇప్పటికీ అది ప్రేమ కాదని నేననను.

తెలియనివారి కోసం ఒక మాట. పాడేవారు రాగం ఆలాపన చేస్తూ ఉంటే ఫిడేలు వారి వెనకే నడుస్తుంది. ఆయన పాడిన ముక్క ఇంకా గాలిలో ఉండగానే దాన్ని అందుకుని, చిన్నగా తిరిగి పలికి, మళ్ళీ ఒదిగిపోతుంది. ఆయన ఆ పూట ఏం పాడతారో ఎక్కడా రాసి ఉండదు. అప్పటికప్పుడు మనసుకి తోచిందే పాట. అదంతా అయ్యాక ఫిడేలుకి తన వంతు వస్తుంది, అప్పుడు తన ఇష్టం. అంతవరకూ మాత్రం వెనకే.

అలా ఉండగా ఒక శనివారం అనకాపల్లి కచేరీలో విశ్వపతి గారు కాంభోజి ఎత్తుకున్నారు. ఆ రాగంలో ఆయన ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయి, పై గాంధారం మీద కాసేపు నిలబడి, కిందికి చూసి, దిగొచ్చేస్తారు. ఆ నిలబడ్డం కోసమే జనం వస్తారు. మొదట్లో హేరంబ ఆయన వెనకే వెళ్ళాడు. తర్వాత ఆయనతో పాటు వెళ్ళాడు. ఇదేదో కొత్తగా ఉందే అని జనం మెడలు చాచారు. నాలుగో మెట్టు దగ్గర విశ్వపతి గారు ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉండగా ఫిడేలు అప్పటికే అక్కడుంది. ఎంత బాగుందో చెప్పలేను. అచ్చంగా ఆయన పాడబోయేదే, ఆయన పాడేటట్టే, ఆయన కంటే శుభ్రంగా. శభాష్ అన్నారు ముందు వరసవాళ్ళు. చప్పట్లు మోగాయి. నా వైపునుంచి కనబడింది వేరు. విశ్వపతి గారు పాడడానికి నోరు తెరిచి, ఆ పాట హాల్లో ముందే ఉండడం విని, మెల్లగా మూసుకున్నారు. తొడ మీదినుంచి లేచిన చెయ్యి ఎటు వెళ్ళాలో తోచనట్టు కాసేపు గాలిలో ఉండి దిగిపోయింది. మనింటి తలుపు మనమే తడితే లోపలినుంచి మన గొంతే "ఎవరూ?" అంటే ఎలా ఉంటుంది? ఆయన మొహం అలా ఉంది. రెండు నిమిషాల్లో రాగం ముగించేసి కీర్తన అందుకున్నారు. ఆ పూట కచేరీ అరగంట ముందే అయిపోయింది.

మర్నాడు పొద్దున్న స్టేషన్లో పాసింజరు కోసం కూచున్నాం. హేరంబ టిక్కెట్ల దగ్గరున్నాడు. విశ్వపతి గారు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "జగ్గూ, మీవాడికి నా పాటంతా వచ్చేసిందిరా. ఇంక నేనెందుకు చెప్పు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. "వచ్చే ఆదివారం మన ఊళ్ళో సభవాళ్ళకి మాటిచ్చేను కనక పాడతాను. అదే ఆఖరుది. తంబురా గోడకి ఆనించేస్తాను."

"ఊఁ," అన్నారు గురువుగారు.

"ఊఁ ఏవిట్రా? ఎందుకూ అని అడగవా?"

"చెప్తావు కదా అని."

విశ్వపతి గారు టీ గ్లాసు బెంచీ మీద పెట్టారు. "పైకి వెళ్ళేక అక్కడ ఏవుందో చూద్దావని పాడతాన్రా నేను. నిన్న నేను వెళ్ళేసరికి అక్కడ దీపం పెట్టి, చాప పరిచి ఉంది. చూడ్డానికి ఏం మిగల్లేదు. మీవాణ్ణి మార్చకు. వాడిది తప్పేం లేదు. అదే నా బాధ."

ఈ మాటలు హేరంబకి చెప్పకూడదనే అనుకున్నాను. రైలు కోరుకొండ దాటేసరికి చెప్పేశాను. విశ్వపతి గారు పాడడం మానేస్తే, మానిపించినవాడు తానే. ఈ ప్రాంతంలో ఏ ఊరు వెళ్ళినా ఆ మాట తన కంటే ముందు చేరుతుంది. అంతకంటే అతన్ని కుదిపింది ఇంకోటి. అతను ఆ గొంతుని నిజంగా ఆరాధించాడు. నలభై మూడో కేసెట్టు ఇంక ఉండదు. ఇంటికి చేరగానే అరుగు దగ్గర నిలబడి అడిగిందే ఆ ప్రశ్న, స్వరం తప్పకపోతే తప్పెలా అవుతుందని. గురువుగారు కమాను తుడుచుకుంటూ ఉండిపోయిందీ అప్పుడే.

సోమవారం, మంగళవారం గడిచాయి. హేరంబ సాధనకి వచ్చేవాడు, ఫిడేలు శ్రుతి చేసేవాడు, వాయించకుండా పెట్లో పెట్టేసేవాడు. బుధవారం పొద్దున్న గురువుగారు మమ్మల్ని పెరటి వరండాలోకి రమ్మన్నారు. అక్కడ దొడ్డమ్మ కత్తిపీట ముందేసుకుని దొండకాయలు తరుగుతున్నారు.

"అక్కయ్యా, ఆ రైలు కథ చెప్పవూ?" అన్నారు గురువుగారు, గోడకి ఆనుకుని కూచుంటూ.

"నీకేం పనీ పాటా లేదురా? వెయ్యిసార్లు చెప్పేను."

"వెయ్యిన్నొకటోది చెప్పు."

ఆ కథ ఆ ఇంటికి వచ్చేపోయే ప్రతివాళ్ళకీ తెలుసు. దొడ్డమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. పద్నాలుగో ఏట కాపరానికి వెళ్ళారు, పదిహేడో ఏట పుట్టింటికి వచ్చేశారు. ఆ మూడేళ్ళ కాపరంలోంచి ఆవిడ తెచ్చుకున్నది ఈ ఒక్క కథే. కొత్తకోడలూ కొత్త మొగుడూ దారిలో రైలు దిగడం, రైలు వాళ్ళని వదిలేసి పోవడం, అత్తగారు గోలపెడితే డ్రైవరు రైలు వెనక్కి నడిపించుకు రావడం. ఆఖరి మాట మాక్కూడా నోటికి వచ్చు. "రైలు నాకోసం రాలేదే, మా అత్తగారి కొడుకు కోసం వచ్చింది," అని ఆవిడ అనాలి, అందరం నవ్వాలి. అంతే కథ. కథ చెప్పేవాళ్ళకి ఎదురుగా ఊఁ కొట్టేవాళ్ళు ఒకరుండాలి కదా, లేకపోతే కథ కదలదు. ఆ ఇంట్లో ఆ పని గురువుగారిది. నేను చాలాసార్లు గమనించాను, ఆయన ఊఁ కొడితే ఏ రెండు ఊఁలూ ఒకలా ఉండవు. ఒకటి తలుపు తీస్తున్నట్టుంటుంది. ఒకటి పీట వేస్తున్నట్టుంటుంది.

"మా అత్తారి ఊరికి చిన్న రైలుండేదే," అని దొడ్డమ్మ నాకేసి తిరిగి మొదలుపెట్టారు. "గాడిదకంటే ఓ పిసరు జోరుగా పోయేది."

"ఊఁ," అన్నారు గురువుగారు.

"దారిలో ఇంజను నీళ్ళకి ఆగింది. పట్టాల పక్కన నేరేడుచెట్టు, కొమ్మలు వంగిపోయి ఉన్నాయి. నేను చూసేను. చూడ్డవే, అడగలేదు. ఆయన నేను చూడ్డం చూసేరు. దిగి వెళ్ళిపోయేరు. పట్టుపంచె కట్టుకుని చెట్టెక్కిన పెళ్ళికొడుకుని మీరెప్పుడేనా చూసేరుటే?"

"ఊఁ?"

"భయమేసి నేనూ దిగేను. మా అత్తగారు గుర్రు పెట్టి నిద్దరోతోంది. అంతలో కూతేసింది, రైలెళ్ళిపోయింది. పొగ కూడా కనబడ్డం మానేసింది. మేవిద్దరవే ఉన్నాం." ఆవిడ చేతిలో దొండకాయ కత్తి మీద ఆనిందిగానీ తెగలేదు. "పళ్ళు ఆయన కండువాలో ఉన్నాయి. కండువా అంతా ఊదారంగు. అప్పుడు ఆయన నాకేసి చూసి..."

గురువుగారు ఊఁ అనలేదు. ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటాను. పెరట్లో కాకి ఒకటి ఎగిరిపోయింది. నాకు ఆ నేరేడుచెట్టు కింద గాలి చల్లగా మొహాన కొట్టినట్టయింది.

"రైలు వెనక్కొచ్చేసింది," అన్నాడు హేరంబ. అచ్చం ఆవిడలాగే తల ఊపి, ఆవిడ గొంతుతోనే, "రైలు నాకోసం రాలేదే, మా అత్తగారి కొడుకు కోసం వచ్చింది. అంతేగా దొడ్డమ్మగారూ?" అన్నాడు. చాలా బాగా అన్నాడు. మూడు రోజుల తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

దొడ్డమ్మ అతనికేసి చూశారు. ఆవిడా నవ్వారు. "ఆఁ. అంతే నాయనా. వచ్చేసింది," అన్నారు. దొండకాయ రెండు ముక్కలైంది. తర్వాతవి గబగబా తెగిపోయాయి. పళ్ళెం తీసుకుని, మోకాలి మీద చెయ్యేసి లేచి, వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల పోపు వేసిన చప్పుడు వినబడింది.

గురువుగారు కత్తిపీట గోడ వారకి జరిపారు. ఆవిడకి వినబడకుండా, "అరవయ్యొక్క ఏళ్ళనించి వింటున్నాను ఈ కథ," అన్నారు. "పళ్ళు కండువాలో ఉన్నాయని ఇవాళే తెలిసింది."

హేరంబకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత అయింది. "తర్వాతేమైందండీ?" అన్నాడు, గురువుగారి మొహంలోకి చూస్తూ.

"తర్వాతేవుంది? రైలొచ్చేసింది కదా," అన్నారు గురువుగారు. అప్పుడు చూశారు అతనికేసి, ఆ చూపు.

ఆ పూటనించీ హేరంబ దొడ్డమ్మ చుట్టూ తిరిగాడు. బావిలోంచి నీళ్ళు తోడిపెట్టాడు. మందుబిళ్ళలు తెచ్చిపెట్టాడు. "ఆయన మీకేసి చూసి ఏమన్నారండీ?" అని ఒకసారి సూటిగా, ఒకసారి మాటల మధ్యలో దూర్చి అడిగాడు. "ఏవో నాయనా, గుర్తులేదు. చిన్నతనం," అనేవారావిడ. గుర్తులేకపోవడం కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాట పైదాకా వచ్చి మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది. చేదతో తోడితే వచ్చేది కాదు. గురువారం నన్ను పక్కకి పిలిచి, "ఏమని ఉంటారంటావు?" అని అడిగాడు. నా మనసులో వంద మాటలున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి అందమైనవి. ఒక్కటీ చెప్పలేదు. చెబితే అతను అదే నిజమనుకుంటాడేమో అనిపించింది. శనివారం అతను కేసెట్లన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, గురువుగారి అటక మీద పెట్టేశాడు.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. ఇదే ఆఖరి కచేరీ అన్న మాట ఎలా పొక్కిందో పొక్కింది. విశ్వపతి గారు తెల్లపంచె కట్టుకుని, మామూలుకంటే ఎక్కువ మర్యాదగా అందరికీ నమస్కారాలు పెట్టి కూచున్నారు. సామాను సర్దేసుకున్న మనిషిలా ఉన్నారు. హేరంబ ఎడమచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాసుకున్నాడు. గురువుగారు మొదటి వరసలో కాకుండా పక్కన, కిటికీ దగ్గర కుర్చీలో కూచున్నారు.

మొదటి రెండు కీర్తనలూ బాగా జరగలేదు. హేరంబ మరీ జాగ్రత్తపడి మరీ వెనకపడ్డాడు. ఒకచోట పాట వెళ్ళిపోయాక ఫిడేలు ఒక్కటే మిగిలి, తప్పిపోయిన దూడలా అరిచింది. మృదంగం ఆయన కళ్ళు చిట్లించారు. సభ కార్యదర్శి పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. విశ్వపతి గారు మాత్రం ఏమీ పట్టనట్టు కాంభోజి ఎత్తుకున్నారు. ఆఖరిసారి తనింటి గదులన్నీ చూసుకోవాలని కాబోలు అనుకున్నాను. ఒక మెట్టు, రెండు మెట్లు. ఆయన పాడిన ముక్క మీద ఫిడేలు సన్నగా వచ్చి వాలుతోంది, ఒదుగుతోంది. నాలుగో మెట్టు దగ్గర ఆయన ఆగారు. హేరంబ భుజం బిగుసుకోవడం నాకు కనబడింది. అక్కడ ఏముందో అతనికి తెలుసు. నలభై రెండు సార్లు తెలుసు. విశ్వపతి గారు కూడా ఫిడేలు వస్తుందనే ఆగారు, రానీ అన్నట్టు చెయ్యి కొంచెం పక్కకి జరిపారు.

ఫిడేలు రాలేదు. హేరంబ కమాను కింది షడ్జం మీదే ఉంచి, దారం కంటే సన్నగా ఆ ఒక్క స్వరాన్నే లాగుతూ, తలెత్తి విశ్వపతి గారి మొహంలోకి చూశాడు. బుధవారం "తర్వాతేమైందండీ?" అన్నప్పుడు ఎలా చూశాడో అలా. విశ్వపతి గారు ఆ చూపు చూశారు. కొంచెం ఆశ్చర్యపోయారు. ఇంక వేరే దారి లేక ఆయనే పైకి వెళ్ళారు. పై గాంధారం మీద నిలబడ్డారు. ఎప్పుడూ అక్కడినుంచి కిందికి చూసి దిగొచ్చేస్తారు కదా, ఈసారి దిగలేదు. అక్కడే, ఆ ఎత్తున, పక్కకి తిరిగారు. అక్కడ ఒక సందు ఉన్నట్టు మాకెవరికీ తెలీదు. ఆయనకీ తెలీదని ఆయన కనుబొమలే చెప్పాయి. గొంతు ఒకచోట జీరబోయింది, లెక్కచెయ్యలేదు. నడుస్తూ నడుస్తూ ఏదో దొరికి, దాన్ని తిప్పి చూసుకుని, మళ్ళీ పెట్టేసి, ఇంకో రెండడుగులు వేశారు. తంబురా మీద నా వేళ్ళు ఆగిపోయాయేమోనని భయమేసి కిందికి చూసుకున్నాను. ఆగలేదు. ఆయన తిరిగొచ్చి ఊపిరి తీసుకున్నప్పుడు ఫిడేలు ఆ కొత్త సందు మొదలు దాకా మాత్రం వెళ్ళి, ఒక చిన్న మాట అని, వెనక్కి వచ్చేసింది. విశ్వపతి గారు నవ్వారు. వెంటనే మళ్ళీ అటే వెళ్ళారు.

ఎంతసేపు పాడారో నాకు తెలీదు. చప్పట్లు అనకాపల్లిలో కంటే తక్కువే. బయటికి వెళ్తూ ఒక పెద్దాయన, "ఆ ఫిడేలు కుర్రాడికి ఇవాళ ఒంట్లో బాగున్నట్టు లేదు," అనడం హేరంబ కూడా విన్నాడు. తలొంచుకుని ఫిడేలు పెట్లో పెట్టుకున్నాడు. విశ్వపతి గారు కండువాతో మెడ తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చారు. "జగ్గూ, కార్తీకంలో పెద్దాపురం వాళ్ళు అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"ఊఁ," అన్నారు గురువుగారు.

"ఆ సందులో ఇంకా ఏదో ఉందిరా. సగం దూరం కూడా వెళ్ళలేదు నేను." అని, వెళ్ళబోతూ హేరంబ భుజం మీద చెయ్యేసి, "పెద్దాపురంలో చలి ఎక్కువ. శాలువా తెచ్చుకో," అన్నారు.

సోమవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి హేరంబ పెరటి వరండాలో దొడ్డమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఆవేళ అరటికాయలు. "రైలు కథ చెప్పండి దొడ్డమ్మగారూ," అన్నాడు.

"మళ్ళీనా? అంతా నీకొచ్చుగా. నువ్వే చెప్పుకో."

"నాకు రాదండి."

ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసి, కత్తిపీట సర్దుకుని, మొదలుపెట్టారు. గాడిదకంటే ఓ పిసరు జోరుగా పోయే రైలు. ఇంజను నీళ్ళు. నేరేడుచెట్టు. హేరంబ ఒక్కోచోట ఊఁ అంటున్నాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి ఆ ఊఁలు. కూత వేసింది, రైలెళ్ళిపోయింది, పొగ కూడా కనబడ్డం మానేసింది. దొడ్డమ్మ ఒక్క క్షణం ఆగారు. అతను కదల్లేదు. ఆవిడ అరటికాయ తొక్క ఒకటి గిన్నెలో వేసి, "మా అత్తగారు లేచి చూసుకుంది," అని అటునించి అటే వెళ్ళిపోయారు. రైలు వెనక్కి వచ్చింది. ఆవిడ కోసం రాలేదు, ఆవిడ అత్తగారి కొడుకు కోసం వచ్చింది. మేం నవ్వాం.

తర్వాత అరుగు మీద, గురువుగారు కమాను తుడుచుకుంటుంటే, హేరంబ ఆయన పక్కన కూచుని అడిగాడు. "ఇవాళ కూడా చెప్పలేదండీ. ఆ చెట్టు కింద ఆయన ఏమన్నారో మీకు తెలిసే ఉంటుంది కదండీ?"

గురువుగారు ఈసారి ప్రశ్నని తోడెయ్యలేదు. "నాకూ తెలీదురా," అన్నారు. "అందుకే వింటూ ఉంటాను."